మూరెడు సందు

కొండ కింది క్యాంపు
9 జూన్ 2025

మామకు వినీత నమస్కారం.

ఫోన్‌లో నేను మూగదాన్నవుతానని, ఏదైనా ఉంటే రాయమని నువ్వే అంటావు. అందుకే రాస్తున్నాను. ఇక్కడ సిగ్నల్ కావాలన్నా గుట్ట ఎక్కాలి.

నేను ఈ ఉత్తరాది కొండల్లోకి వచ్చి వారమైంది. నువ్వు కట్టించిన వంతెనను ఇన్నాళ్ళూ ఫొటోల్లోనే చూశాను. పని శుభ్రంగా ఉంది. మా సీనియర్ ఇంజనీరు నితీష్ సార్ పిట్టగోడ మీద చెయ్యి వేసి నిమిరి, "ఈ రాజనర్సు ఎవరో గానీ మంచి పనివాడు" అన్నాడు. నువ్వు నాకు మామవని చెప్పలేదు.

ఒక సంగతి అడగాలి. బండ్లు నడిచే డెక్ ఈ వంతెనలో స్తంభాల మీద నేరుగా కూర్చోలేదు. మధ్యలో ఐసొలేటర్లున్నాయి. రబ్బరూ ఉక్కు పలకలూ పొరలు పొరలుగా అతికించి, నడుమ సీసం పెట్టిన దిమ్మెలు. వాటిని ఎత్తి కూర్చోబెట్టింది నువ్వే. భూమి కదిలితే స్తంభాలు దానితో పాటు కదులుతాయి. డెక్ ఆ కుదుపంతా తీసుకోదు, రబ్బరు మీద నిదానంగా అటూ ఇటూ జరుగుతుంది. జరగడానికి చోటు ఉండాలి. రెండు చివరలా గట్టును ఆపే గోడకూ డెక్‌కూ మధ్య మూరెడు సందు వదలమన్నది అందుకే. దాని మీద జారే ఉక్కు పలక వేస్తే బండ్లు పోతాయి.

ఇక్కడ పలకలు లేవు. రెండు సందుల్లోనూ కాంక్రీటు నిండి ఉంది, పైన తారు ఉంది. ఎవరు పోయమన్నారు? నెలాఖరుకు నేను రిపోర్టు పంపాలి. అది పంపితేనే వంతెన అప్పగింత. నిన్ను అడగకుండా ఏమీ రాయకూడదనుకున్నాను. అమ్మకు చెప్పకు.

ఇక్కడి పప్పులో పులుపు ఉండదు. అత్త ఇచ్చిన చింతకాయ తొక్కు అడుగుకు వచ్చింది. తెచ్చుకున్న నవల కూడా.

వినీత

*

బోధన్
20 జూన్ 2025

ఇంజనీరమ్మకు రాజనర్సు రాసేది.

నీ ఉత్తరం మీ అత్త చదివింది, నేను విన్న. తిరుపతమ్మ ఏమన్న తప్పు చదివిందేమోనని మల్ల నేను చదివిన. తప్పేం లేదు, నువ్వు రాసిందే గట్ల ఉంది.

మామనని చెప్పలేదంటవ్. ఎందుకు చెప్పలే? సిమెంటు చేతులోడు నా మామ అంటే నీ ఇజ్జత్ పోతదా? కాన్వెంట్‌ల ఏసిన నాడు గేటు కాడ నా అంగీ పట్టుకొని ఏడ్సినవ్. అప్పుడు పోలే ఇజ్జత్.

నువ్వు అడిగిన దానికి జవాబు. పోసింది నేనే. నాకు ఒకరు చెప్పాల్నా? పలకలు రేపొస్తయ్ ఎల్లుండొస్తయ్ అనుకుంట మీ ఆఫీసోళ్లు నెలలు గడిపిండ్రు. ఊరోళ్లు వంతెన మీదికెల్లి తిరుగుడు షురూ చేసిండ్రు. సందు ఉంటే చక్రం పడ్తది, చక్రం పడితే మనిషి పడ్తడు. గిది తెలుసుకోనీకి బీటెక్ ఎందుకు? బోధన్ నుంచి సాలూర దాక చెరుకు దారుల మీద నేను చేసిన వంతెనలున్నయ్. ఒక్కదాని మీద సందు చూపియ్. ట్రాక్టర్లు రెండేసి ట్రాలీలు గుంజుకొని పోతుంటే ఒక్క గడ కింద పడలే.

భూకంపమంట. నీ భూకంపం ఎన్నడొస్తదో తారీఖు చెప్పు, ఆ నాడు పోయి నా చేతులతోని తవ్వుత.

ఈ పని అయినట్టు కాయితం వస్తే కందకుర్తి కాడి వంతెన పని నాకే అని నాకు పనులిచ్చే కంపెనీ పెద్దసారు మాటిచ్చిండు. ఇన్నేండ్లు ఊర్లు వట్టి తిరిగిన, ఇగ ఇంటికాడ ఉండి చేసుకోవచ్చు. ఆ కాయితం నీ సంతకం మీద ఆగింది. సంతకం పెట్టు, తిన్నగ ఇంటికి రా.

వానలు లేవు. పసుపు పెట్టినోళ్లు మొగులు దిక్కు చూసుకుంట కూసున్నరు. మీ అత్తకు మోకాళ్లు నొస్తున్నయ్, అయినా నోరు మంచిగనే ఉంది.

రాజనర్సు

*

కొండ కింది క్యాంపు
1 జూలై 2025

మామా,

మామవని చెప్పకపోవడం సిగ్గుతో కాదు. నీ పనిని నీ మేనకోడలే పరీక్షిస్తోందని తెలిస్తే నన్ను ఇక్కడి నుంచి తీసేస్తారు. నా చోట వచ్చే మనిషి నీకు ఉత్తరం రాసి అడగడు. ఇది నీకు తట్టలేదు, నీ ఇజ్జత్ మాత్రం తట్టింది.

తారీఖు చెప్పమన్నావు. ఎవరూ చెప్పలేరు. కానీ ఫాల్ట్ ఎక్కడుందో చెప్పగలం. ఫాల్ట్ అంటే భూమి లోపలి పగులు. నదికి అవతల, నీ కూలీలు గుడిసెలు వేసుకున్న కొండ పాదం కిందే ఉంది. దూరపు ఊళ్ళలో భూకంపం అంటే వణుకు. పగులు పక్కన అలా ఉండదు. నేల ఒకే దిక్కుకు, ఒక్క పెద్ద తోపు తోస్తుంది. ఆ తోపు నిదానంగా వస్తుంది. రబ్బరు మీద డెక్ ఊగేదీ నిదానంగానే. రెండూ ఒకేలా నిదానమైనవి కాబట్టి తోపు డెక్‌ను చాలా దూరం తీసుకుపోతుంది. వేరే చోట జానెడు చాలేది. ఇక్కడ మూరెడు కావాలి. అంతకు మించి పోకుండా ఆపడానికే పక్కన నూనె నింపిన గొట్టాలు, డ్యాంపర్లు, బిగించారు. ఇన్ని చేశాక నువ్వు సందులో కాంక్రీటు పోశావు. తోపు వస్తే డెక్ పోయి గోడను గుద్దుతుంది. గోడ పోతే దారి పోతుంది. అవతలి ఊళ్ళకు వేరే దారి లేదు, ఆస్పత్రి ఇవతల ఉంది.

ఇది చెరుకు దారి కాదు. ట్రాక్టర్ల కోసం పట్టిన అలవాటును ఇక్కడి దాకా మోసుకొచ్చావు. చక్రం ఎగరకూడదన్న ఒక్క మొండితనం నీది.

నువ్వే మనుషుల్ని తెచ్చి నెలాఖరులోగా తవ్వించు. రిపోర్టు అంతదాకా ఆపుతాను. తవ్వితే గుత్తేదారు తనంతట తానే సరిచేశాడని రాస్తాను, అది నిజమే అవుతుంది. డ్రాయింగ్ కాపీ పంపుతున్నాను. అత్తతో చదివించుకోకు, నువ్వే చూడు.

వినీత

*

బోధన్
13 జూలై 2025

వినీతకు,

నీ ఉత్తరం నా చేతికి వచ్చిన నాడే మీ ఆఫీసోడు ఫోన్ చేసిండు. "సందుల కాంక్రీటు పోసినవట గదా" అని. నెలాఖరు దాక ఆగుతనని నాకు రాసుడు, అవతల వాళ్లకు చెప్పుడు. మంచిగ నేర్పిండ్రు నీకు కాన్వెంట్‌ల.

మొండితనం అంటవ్. అలవాటు అంటవ్. అయితే విను. నీకు చెప్పొద్దని మీ అమ్మ లింగవ్వ నాతోని ఒట్టు పెట్టించుకున్నది. ఇయాల తప్పుతున్న.

మీ బాపు ట్రాక్టర్ బోల్తా పడి పోయిండని చెప్పిండ్రు నీకు. ఎక్కడ పడ్డదో చెప్పలే. పొలంల గాదు. ఫ్యాక్టరీకి పోయే తొవ్వల వాగు మీది వంతెన కాడ. డెక్కుకు గోడకు నడుమ సందు, మీద తారు లేచిపోయింది. ముందటి చక్రం దిగబడ్డది. ఎనుకటి ట్రాలీ చెరుకుతోని సహా మీదికెక్కింది. నేను ఎనుక బండి మీద ఉన్న. మోపులు ఇసిరేసుకుంట ఇసిరేసుకుంట రాజేశ్వర్ బావను బయటికి గుంజినం. నువ్వు అప్పటికి ఇంక నడుస్త లేవు.

ఆ ఏడే నేను చెరుకు ఇడిసి మేస్త్రి పనికి పోయిన. నా చెయ్యి పడ్డ వంతెన మీద సందు ఉండొద్దనుకున్న. ఉంచలే. గదీ నా అలవాటు.

ఇప్పుడు ఆయన బిడ్డనే వచ్చి, ఆ సందు తెరువు అంటున్నది.

నేను రాను. తవ్వ. నీ డ్రాయింగ్ మీద మీ అత్త వడియాలు పెట్టింది. మంచిగ ఎండినయ్.

రాజనర్సు

*

కొండ కింది క్యాంపు
26 జూలై 2025

మామకు,

ఆ ఫోన్ చేసింది నితీష్ సార్. సందు చూడటానికి ఆయనకు నా సాయం అక్కర్లేదు, కళ్ళున్నాయి. నేను నోరు విప్పలేదు. నా నోరు అంత తొందరగా విప్పుకోదని మీకంటే బాగా ఎవరికి తెలుసు?

బాపు సంగతి నాకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. మీరు చెప్పారు, నన్ను కొట్టడానికి చేతికి అందిన వస్తువులా చెప్పారు. చదివాక వంతెన మీదికి పోయి చాలాసేపు కూర్చున్నాను. మీ తారు మీద చెయ్యి పెట్టి చూశాను. చాలా నునుపుగా ఉంది. ఎందుకంత నునుపో అప్పుడు తెలిసింది.

అయినా రిపోర్టు పంపాను. మీరు రానని రాశాక ఇక ఆగడానికి ఏమీ లేదు. అందులో మీ పేరు రాయలేదు. గుత్తేదారు అని మాత్రం ఉంది.

ఆఫీసు మనుషులు ఒక సందు తవ్వారు, రెండోది సగమైంది. తవ్వాక వెనుక గోడ బయటపడింది. ఒక మూల నుంచి ఇంకో మూలకు వాలుగా పగిలి ఉంది. ఇక్కడ భూమి కదల్లేదు. ఎండాకాలంలో డెక్ వేడికి సాగుతుంది, ప్రతి వంతెనా సాగుతుంది. సాగడానికి చోటు లేక మీ కాంక్రీటును నెట్టింది, అది గోడను నెట్టింది. ఒక్క ఎండాకాలం చేసిన పని ఇది. భూమి తోపు దీనికి ఎన్నో రెట్లు. ఫొటో పెడుతున్నాను. దాని మీద వడియాలు పట్టవు.

నాకు జ్వరం వచ్చి తగ్గింది. అమ్మకు రాయలేదు.

వినీత

*

బోధన్
11 ఆగస్టు 2025

ఎప్పటి సంది "మీరు" అయిన నీకు? సరే, గట్లనే ఉండు.

కందకుర్తి పని వేరేటోనికి ఇచ్చిండ్రు. పెద్దసారు నన్ను ఎదురుంగ నిలబెట్టి నీ రిపోర్టు చూపించిండు. పేరు రాయలేదంటవ్. ఆ వంతెనకు గుత్తేదారులు ఎంతమంది? ఒక్కడే. అంగడిల చెప్పుల దుకాణపోడు గూడ అడుగుతున్నడు, "ఏం రాజనర్సు, మీ కోడలుపిల్లనే రాసిందట గదా" అని. నవ్వుకుంట అడిగిండు. నేను గూడ నవ్విన. ఏం చెయ్యాలె?

నీ ఫొటో చూసిన. గోడకు నీళ్లు సరిగ పట్టలే, అందుకే పగిలింది. ఆ గోడ పోసేటప్పుడు నేను ఊర్లె లేను. ఎండకు గోడలు పగుల్తయని ఎవనికన్న చెప్పు, నాకు చెప్పకు.

ఇంకోటి. మీ ఆఫీసుకు నేనే ఫోన్ చేసిన. "ఆ పిల్ల నాకు సొంత మేనకోడలు, ఇంట్ల పంచాయితి పెట్టుకొని నా మీద రాసింది" అని చెప్పిన. నువ్వు దాసిపెట్టుకున్నది నేను ఇప్పిచెప్పిన. ఇగ నీ రిపోర్టును ఎవడు నమ్ముతడో చూద్దాం.

బతుకమ్మకు ఈడికి రాకు. మీ అమ్మ వస్తే తలుపు తీస్త, నా తోడబుట్టింది. నువ్వొస్తే తియ్య. మీ అత్త ఏడుస్తున్నది, ఏడ్వనీ.

రాజనర్సు

*

కొండ కింది క్యాంపు
5 సెప్టెంబర్ 2025

మామకు,

మీ ఫోన్ పనిచేసింది. నా రిపోర్టు మీద "కుటుంబ తగాదా" అని రాసి పక్కన పెట్టారు. నితీష్ సార్ వేరే పనికి పోయారు. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను, నా మాట ఎవరూ వినరు. వినకపోవడం నాకు కొత్తేమీ కాదు.

మీకు సంతోషమయ్యే వార్త ఉంది. రాయకపోతే ఎవరో చెప్తారు, నేనే రాస్తాను.

రెండు సందులూ తవ్వాం. ఉక్కు పలకలు ఇంకా రాలేదు. అడ్డంగా డ్రమ్ములు పెట్టించాను, బండ్లు తిరగొద్దని బోర్డు పెట్టించాను. ఊళ్ళో వాళ్ళు డ్రమ్ములు పక్కకు దొర్లించి, చెక్కలు వేసుకుని తిరుగుతున్నారు. రోజూ మళ్ళీ పెట్టిస్తున్నాను. మొన్న వానలో ఒక చెక్క జారింది. మోటారు సైకిలు మీద భార్యాభర్తలు వస్తున్నారు. ముందు చక్రం సందులోకి దిగింది. ఆయనకు దెబ్బలు తగిలాయి. ఆమెకు తొడ ఎముక విరిగింది.

ఆస్పత్రికి వెళ్ళాను. ఆమె నాకంటే ఏమంత పెద్దది కాదు. "మంచిగా ఉన్న రోడ్డును ఎందుకు తవ్వారు?" అని అడిగింది. భూకంపం గురించి చెప్పడం మొదలుపెట్టాను. సగం కూడా కాలేదు. ఆమె అటు తిరిగి పడుకుంది.

బాపు ఎలా పోయాడో మీరు రాసినప్పుడు చదివాను. ఇప్పుడు తెలిసింది. ఆ మోటారు సైకిలు చక్రం సందులో ఇంకా అలాగే ఉంది, ఎవరూ తీయలేదు.

మర్నాడు ఊరంతా వచ్చి క్యాంపు ముందు కూర్చుంది. పైనుంచి పెద్ద ఆఫీసరు వచ్చి సందులు మళ్ళీ కాంక్రీటుతో మూసేయమన్నాడు. కాగితం మీద కాదు, నోటితో. వానలు తెరిపిస్తే దసరా లోపే మిక్సర్ బండి వస్తుందట. నేను అభ్యంతరం లేదని సంతకం చేస్తే నా రిపోర్టు మీది ఆ మరకను కూడా తుడిచేస్తామన్నారు. కాగితం నా బల్ల మీద ఉంది. ఇంకా చేయలేదు. చేయనని చెప్పనూ లేదు.

మీరు గెలిచారు. ఇంక ఎవరి చక్రమూ దిగబడదు. అవతలి ఊళ్ళలో ఎంతమంది ఉన్నారని మాత్రం నన్ను అడగకండి.

వినీత

*

బోధన్
18 సెప్టెంబర్ 2025

వినీతా,

స్పీడ్ పోస్టు చేస్తున్న. చేతికి రాంగనే చదువు, నవలల నడుమ పెట్టకు.

ఆ ఆడమనిషికి కాలిరిగితే నాకు సంతోషమైతదని రాసినవ్. నన్ను గంత నీచునిగ లెక్కేసినవా? లెక్కేస్తే ఎయ్యి. ఆమెకు ఎముక అతికిందా లేదా గది రాయలే నువ్వు. అన్ని లెక్కలు రాస్తవ్, గది రాయవ్.

నీ ఉత్తరం చదివి బండి తీసుకొని వాగు కాడికి పోయిన. మీ బాపు పడ్డ వంతెన గాదు, దాన్ని ఎన్నడో పడగొట్టిండ్రు. ఆ జాగల నేను కట్టింది. నా మొదటి పని. కిందికి దిగి వెనుక గోడ చూసిన. దానికి అంతకుముందు రెండుసార్లు పూత పూయించిన, పగుల్లొస్తున్నయని. సిమెంటు మంచిది దొరకలేదనుకున్న. పూత గీకి చూసిన. నీ ఫొటోల ఉన్నట్టే ఉంది, మూల నుంచి మూలకు, వాలుగ. వేరేటోడు కట్టింటే నాలుగు బూతులు తిట్టేటోన్ని. అక్కడ నేనొక్కన్నే ఉన్న.

ఎడ్లు మేపేటాయన పైకెల్లి అడిగిండు, "ఏం పోయింది కాకా, ఏం దేవులాడుతున్నవ్" అని. పైకొచ్చి బండి తీసిన.

వాళ్లను కాంక్రీటు పొయ్యనియ్యకు. ఆ కాయితం మీద సంతకం పెడితివా, నా తోడబుట్టిన దాని బిడ్డవని గూడ చూడ.

పలకలు వచ్చేదాక ఆగనక్కర లేదు. నిజామాబాద్‌ల నాకు తెలిసిన వెల్డింగ్ షాపు వేణు ఉన్నడు, మందం పలకలు కోయిస్తున్న. ఒక పక్క డెక్కుకు బిగిస్త, రెండో పక్క గోడ మీద బిగించకుండ ఉట్టిగనే పండుకుంటది. చక్రం మీదికెల్లి పోతది, కిందికెల్లి నీ డెక్కు ఎంత జరుగుతదో జరగనీ. సందు మూరెడుకు ఒక్క ఏలు తక్కువున్నా ఊకోను, నేనే కొలుస్త.

మీ ఆఫీసోళ్లకు ఫోన్ చేసిన. పంచాయితి ఏం లేదు, నేనే కోపంల చెప్పిన అని చెప్పిన. వాడు నమ్మలే. ఒకసారి నమ్మినోడు రెండోసారి నమ్మడు. అందుకే నేనే వచ్చి మనిషి ముంగట చెప్త. నన్ను పనిల నుంచి తీసేసిండ్రు గాబట్టి గేటు కాడ ఆపుతరు. ఆపితే బయటనే కూసుంట, పలకలు మీదేసుకొని.

రైలుకు రెండు దినాలు, ఆడికెల్లి లారీ ఒక దినం. నిన్ను చూడనీకి వస్తున్ననని అనుకోకు. స్టేషన్‌కు రాకు. నీతోని నాకు మాటల్లేవ్, కందకుర్తి పోయింది పోయిందే, అది నేను మరువ. పని కాడ నన్ను మామా అనకు, అందరు మల్ల తగాదా అంటరు.

నేను వచ్చేలోపు మిక్సర్ బండి వస్తే సందుల దిగి నిలబడు. మూరెడుంది, ఇముడుతవ్. నీకు మాట్లాడరాదు సరే. నిలబడరాదా?

రాజనర్సు